గిడుగు రామమూర్తి పంతులుగారు: అభిప్రాయభేదం నేర్పిన పాఠం

ఏటేటా ఆగస్టు 29వ తేదీన తెలుగువారు తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటారు. ఆ రోజు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. ఆయన పేరు మన పిల్లలలో కొందరు విని ఉంటారు. వాడుక భాష కోసం పోరాడిన మహానుభావుడని పెద్దలు చెబుతూ ఉంటారు. అయితే ఆయన పోరాటం ఎవరితో జరిగింది? అవతలివారు చెడ్డవారా? ఆయన వారి మాట విన్నారా, వారు ఆయన మాట విన్నారా? ఈ ప్రశ్నలు ఈనాడు దక్షిణాఫ్రికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలకు కూడా పనికివచ్చేవి. అందువల్ల ఈ సంచికలో ఆయన జీవితాన్ని ఆ కోణం నుంచి చెప్పదలచాను.

ముందు ఒక్క సంగతి మనవి చేస్తాను. మన పూర్వీకులను ఎక్కించుకుని వచ్చిన మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బను రేవు చేరింది. గిడుగు వారు 1863లో పుట్టారు. నాటాలుకు ఒప్పంద కూలీల రాక 1911లో ఆగిపోయింది. గిడుగు వారు ఉద్యోగం విరమించి భాషా పోరాటంలో పూర్తిగా దిగినదీ 1911లోనే. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి మన తాతలు ఓడలెక్కుతున్న రోజులలో అదే ప్రాంతంలో ఆయన బడిపంతులుగా పనిచేస్తున్నారు. మన తాతలు మూటలో కట్టుకుని తెచ్చుకున్న మాటలు ఆయన చెవిన పడుతూ ఉండిన మాటలే.

బాల్యం, చదువు

గిడుగు వారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేట అనే గ్రామంలో జన్మించారు. అది నేటి శ్రీకాకుళం ప్రాంతం. ఆనాడు గంజాం జిల్లాలోనిది. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రిగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. 1875లో ఆయన కాలం చేశారు. అప్పటికి పిల్లవానికి పన్నెండేళ్ళు. బంధువుల ఆదరణతో విజయనగరం చేరి అక్కడ మహారాజావారి పాఠశాలలో చదువుకున్నారు. ఆ బడిలోనే ఆయనకు సహాధ్యాయిగా దొరికినవారు గురజాడ అప్పారావుగారు. ఒకే బల్ల మీద కూర్చున్న ఆ ఇద్దరు పిల్లలు తరువాత తెలుగు వ్రాతనే మార్చివేశారు.

1879లో మెట్రిక్యులేషన్ పరీక్ష ప్యాసై, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. పగలు పాఠాలు చెబుతూ, రాత్రి దీపం దగ్గర తాను చదువుకుంటూ, ప్రైవేటుగా పరీక్షలు వ్రాసి బి.ఏ. పట్టం పొందారు. చరిత్ర పాఠాలు చెప్పడం ఆయన పని. పాఠంతో సరిపెట్టుకోక శ్రీముఖలింగం గుడిలోని పాత శాసనాల లిపిని స్వయంగా నేర్చుకుని చదివారు. ఎవరో చెప్పినదానికన్నా రాతి మీద ఉన్నది చూసి నమ్మడం ఆయనకు అక్కడ అలవాటైంది.

సవరల గురువు, సవరల శిష్యుడు

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాషకు ఆనాడు వ్రాత లేదు. సంతకు వచ్చిన సవరలను కోమట్లు, అధికారులు, ఇతరులు తెలివిలేనివారుగా చూసేవారు. వారికి ఒక అభిప్రాయం ఉంటుందని గాని, అది వినదగినదని గాని ఎవరూ అనుకోలేదు. గిడుగు వారు అనుకున్నారు. సవర మాట తెలిసినవారిని ఇంట ఉంచుకుని ఆ భాషను అక్షరం అక్షరంగా నేర్చుకున్నారు. కొండలెక్కి వారి గూడేలకు వెళ్ళారు. సవర పిల్లలకు ఇంట్లో భోజనం పెట్టి చదువు చెప్పారు. వారి భాషలో వాచకాలు తయారుచేశారు. స్వంత ఖర్చుతో బడులు నడిపారు. ప్రభుత్వం వారు పారితోషికం ఇవ్వబోతే తనకు డబ్బు వద్దని, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టించమని కోరారు.

ఈ సేవకు ఆయన చెల్లించిన మూల్యం చిన్నది కాదు. మన్యపు జ్వరం పట్టుకుంది. జ్వరానికి క్వినైను ఎక్కువగా మింగవలసి వచ్చింది. దానివల్ల వినికిడి దెబ్బతిని చెవుడు వచ్చింది. ఆ చెవిటితనంతోనే ఆయన జీవితమంతా మనుషులు నిజంగా ఎలా మాట్లాడుతున్నారో వినడానికి పాటుపడ్డారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి.

సవర భాష ఆయనకు ఒక సత్యం నేర్పింది. వ్రాత లేని భాషకు కూడా క్రమం ఉంటుంది. అడవిలో ఉండే అవ్వ కూడా వ్యాకరణం ప్రకారమే మాట్లాడుతుంది. ఆ వ్యాకరణం ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఈ ఒక్క తెలివిడి తరువాతి పోరాటానికి విత్తనమైంది.

ఒక పరాయివాడి ప్రశ్న

1906–07 ప్రాంతంలో ఉత్తర జిల్లాల పాఠశాలల తనిఖీకి యేట్స్ అనే ఇంగ్లీషు దొర వచ్చారు. ఆయన తెలుగు నేర్చుకోవడానికి ప్రయత్నిస్తూ ఒక చిత్రం గమనించారు. పుస్తకంలో ఉన్న తెలుగు బజారులో వినబడడం లేదు. బజారులో వినబడే తెలుగు పుస్తకంలో లేదు. పంతులు వాడుక మాటలలో పాఠం వివరిస్తారు. పిల్లవాడు మాత్రం వేరే తెలుగులో జవాబు వ్రాయాలి. ఎందుకిలా అని ఆయన అడిగారు. విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కళాశాల అధిపతి పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ వారు, పర్లాకిమిడిలో గిడుగు వారు ఆ ప్రశ్నను చేతికి తీసుకున్నారు.

మన చిన్నవారికి ఒక ఉదాహరణ చెబుతాను. మనం చేస్తున్నాడు అంటాము. ఆనాటి బడి పుస్తకంలో చేయుచున్నాడు అని ఉండాలి. వచ్చాడు అనే మాట తప్పు, వచ్చెను అనాలి. అరసున్న ఎక్కడ పెట్టాలో, ఏ పదం చివర నకారం రావాలో, ఏ అక్షరం మారాలో కంఠస్థం చెయ్యాలి. విషయం తెలిసిన పిల్లవాడు కూడా ఈ చిక్కులలో పడి కలం కదపలేకపోయేవాడు.

అప్పటికి గిడుగు వారికి నలభై మూడేళ్ళు దాటాయి. పాతికేళ్ళకు పైగా బడిలో పనిచేస్తున్నారు. ఆ వయసులో, ఆ అనుభవంతో, ఒక పరాయి దేశస్థుడు అడిగిన ప్రశ్నను తీసిపారేయడం చాలా తేలిక. మా భాష సంగతి నీకేమి తెలుసు అంటే సరిపోయేది. ఆయన అలా అనలేదు. ప్రశ్న అడిగినవాని రంగు చూడక ప్రశ్నలోని నిజం చూశారు. అభిప్రాయభేదం గురించి ఆయన జీవితం చెప్పే మొదటి పాఠం ఇదే. ఇతరులను మార్చబోయే ముందు ఆయన తన మనస్సు తలుపు తాను తెరిచారు.

రెండు పక్షాలు

1912–13లో పాఠశాల చివరి పరీక్షలో విద్యార్థులు గ్రాంథికంలో గాని, ఆధునిక వ్యవహారంలో గాని వ్యాసం వ్రాయవచ్చునని అనుమతి వచ్చింది. దానితో తెలుగుదేశం అంతా అట్టుడికింది. మద్రాసులో 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఎదురు నిలిచింది. ఆ పక్షానికి పెద్ద జయంతి రామయ్య పంతులుగారు. మహాపండితులు వేదం వేంకటరాయ శాస్త్రిగారు కూడా ఆ పక్షమే. ఊరూరా సభలు, విన్నపాలు, పత్రికలలో ఖండనలు సాగాయి.

ఈ పెద్దలను మనం చెడ్డవారుగా తలచరాదు. జయంతి వారు పెద్ద ఉద్యోగం చేస్తూనే తెలుగుకు సేవ చేసినవారు. శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు అనే గొప్ప పదకోశం వెనుక ఆయన శ్రమ ఉంది. వేదం వారు 1897లోనే తన ప్రతాపరుద్రీయ నాటకంలో చిన్న పాత్రలచేత వాడుక మాటలు పలికించారు. అంటే వాడుక భాషలోని బలం ఆయనకు తెలియనిది కాదు.

మరి వారి భయం ఏమిటి? వాడుక భాష జిల్లాకొక రకంగా ఉంటుంది. ఏ జిల్లా మాటను పుస్తకంలో పెట్టాలి? నన్నయ నుంచి వచ్చిన భాషకు పిల్లలు దూరమైతే వేయేళ్ళ కవిత్వం వారికి అర్థం కాకుండా పోదా? కట్టు లేని భాష కొన్నాళ్ళకు ముక్కలు కాదా? ఇవి నిజమైన ప్రశ్నలే. నిజానికి నేడు నన్నయ పద్యం టీక లేకుండా అర్థం చేసుకోగలవారు మనలో ఎందరు? వారు పడిన భయం ఉత్తుత్తి భయం కాదని ఒప్పుకోవాలి.

దీని వెనుక మనిషి మనస్సుకు సంబంధించిన సంగతి కూడా ఉందని నాకు తోస్తుంది. ఆ పండితులు చిన్నతనంలో బెత్తం దెబ్బలు తిని, నిద్ర మాని ఆ వ్యాకరణం నేర్చుకున్నారు. దాని వల్లనే వారికి గౌరవం, అన్నం దొరికాయి. ఇప్పుడెవరో వచ్చి అది అవసరం లేదంటే, వారి చెవికి అది భాష గురించిన మాటగా వినబడదు. మీ బ్రతుకంతా వృథా అన్నట్లు వినబడుతుంది. కష్టపడి సంపాదించినదాన్ని ఎవరైనా తేలికగా వదులుకుంటారా? మనం ఒకరి అభిప్రాయాన్ని కదిలించబోయినప్పుడు ఆ అభిప్రాయం మీద వారు ఎంత జీవితం కట్టుకున్నారో చూడాలి.

వాదించిన తీరు

గిడుగు వారు మెత్తని మనిషి కారు. మాట కరకు. పట్టిన పట్టు విడవరు. అయితే ఆయన వాదన ఆషామాషీగా ఉండేది కాదు. ఎదుటివారి పుస్తకాలను ఎదుటివారికంటే జాగ్రత్తగా చదివేవారు. పాత తాటాకు గ్రంథాలు, టీకలు, వచన రచనలు వెదికి, పూర్వులు కూడా వచనంలో తమ కాలపు వాడుక రూపాలు వాడుకున్నారని చూపించారు. అంతేకాదు, వాడుక భాషను నిందించే పండితులు వ్రాసిన గ్రాంథికంలోనే ఆ వ్యాకరణం ప్రకారం ఎన్ని తప్పులు దొర్లాయో ఏరి చూపించారు. 1916లో కొవ్వూరులో జరిగిన సభలో గంటల తరబడి ఈ నిదర్శనాలతో ప్రసంగించారు. పండితులే తప్పు లేకుండా వ్రాయలేని భాషను పసిపిల్లలచేత వ్రాయించడం న్యాయమా అన్నది ఆయన ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. కాని జవాబు చెప్పలేకపోయినవారందరూ ఆయన వైపు వచ్చారా? రాలేదు. నలుగురిలో తప్పు చూపించబడిన మనిషి సాధారణంగా తప్పు దిద్దుకోడు. దానికి కొత్త సమర్థన వెదుకుతాడు. నలభై ఏళ్ళు తరగతి గదిలో నిలబడిన నాకు ఇది కొత్త సంగతి కాదు. ఎర్ర సిరాతో పుస్తకమంతా కొట్టివేస్తే పిల్లవాడు పాఠం నేర్చుకోడు, సిరాను ద్వేషించడం నేర్చుకుంటాడు. గిడుగు వారి నిదర్శనాలు ప్రతిపక్షుల నోరు మూయించాయి గాని, హృదయం తెరిపించింది తక్కువ. ఆయన మార్చగలిగినది ముఖ్యంగా చుట్టూ నిలబడి వింటున్న యువకులను.

ఓటమి కూడా వచ్చింది. 1914లో పరీక్షల భాష గురించి చర్చించిన ఉపసంఘంలో గురజాడ వారు మైనారిటీలో ఉండి తన అసమ్మతి పత్రం సమర్పించారు. 1915లో ప్రభుత్వం వాడుక భాషకు ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకున్నది. అదే సంవత్సరం నవంబరు 30న గురజాడ వారు కన్నుమూశారు. చిన్ననాటి స్నేహితుడు పోయాడు, పోరాటం ఓడిపోయింది, చెవులు వినబడవు, వయసు యాభై రెండు. గిడుగు వారు ఆగలేదు.

వీరేశలింగం గారి పెద్దమనస్సు

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం 1919లో జరిగింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు గ్రాంథిక వచనానికి పేరు మోసినవారు. ఆయన వ్రాసిన వచనం బడులలో ఆదర్శంగా ఉండేది. కీర్తి సంపాదించి, డెబ్బై ఏళ్ళు నిండిన వృద్ధుడు అభిప్రాయం మార్చుకోవలసిన అవసరం ఏముంది? అయినా 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం వెలసినప్పుడు దానికి అధ్యక్షులుగా ఉండడానికి ఆయన అంగీకరించారు. గిడుగు వారు కార్యదర్శి. ఆ తరువాత మూడు నెలలకే, మే 27న, వీరేశలింగం గారు పరమపదించారు.

తాను కట్టిన ఇంటిలోనే కొత్త కిటికీ పెట్టించుకోగల ముసలివారు లోకంలో అరుదు. వీరేశలింగం గారు వితంతు వివాహాల విషయంలో ఊరినంతా ఎదిరించినవారు. ఇక్కడ మాత్రం తన పాత అలవాటునే ఎదిరించారు. రెండవ ధైర్యం మొదటిదాని కంటె తక్కువదేమీ కాదు. ఆయన తన ప్రహసనాలలో జనం మాట్లాడే భాషను ఎప్పుడో వాడి ఉన్నారు కనుక విత్తనం ముందే ఉంది. ఎదుటివారి మాట ఒక్కనాటిలో మనలను మార్చదు. మనలో ఎక్కడో పడి ఉన్న సందేహాన్ని అది నీరు పోసి మొలిపిస్తుంది.

ఆ సంవత్సరమే గిడుగు వారు తెలుగు అనే మాసపత్రిక ప్రారంభించారు. ఏడాది మాత్రమే నడిచింది. కాని క్రమంగా పత్రికలు, కథలు, నాటకాలు వాడుక భాషకు మారాయి. 1924లో ఎదుటి పక్షమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు కూడా వాడుక భాష మీద ఉన్న నిషేధాన్ని తొలగించింది. పాఠ్యపుస్తకాలలో అది పూర్తిగా కుదురుకోవడానికి మాత్రం ఆయన మరణం తరువాత కూడా చాలా ఏళ్ళు పట్టింది.

చివరి రోజులు

1934లో ప్రభుత్వం కైజర్–ఇ–హింద్ పతకం ఇచ్చింది. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించింది. మధ్యలో ఒక దుఃఖం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. దానిని గిడుగు వారు గట్టిగా వ్యతిరేకించారు. మాట చెల్లలేదు. యాభై ఏళ్ళకు పైగా ఉన్న ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు. ఊరు విడిచిపోవడం అంటే ఏమిటో మన ఇళ్ళలో వేరే చెప్పనవసరం లేదు. 1940 జనవరి 22న ఆయన స్వర్గస్థులైనారు. కుమారులు సీతాపతిగారు తండ్రి అడుగుజాడలలో భాషాసేవ కొనసాగించారు.

మన ఇంటి సంగతి

ఇక మన విషయం. మన అవ్వలు, తాతలు మాట్లాడిన తెలుగు ఉత్తర జిల్లాల తెలుగు. ఏమిటి అనడానికి ఏటి అంటారు. చెప్పు అనడానికి సెప్పు అంటారు. అందులో జూలూ మాటలు, ఇంగ్లీషు మాటలు కలిసిపోయాయి. సాయంకాలపు తరగతులలో నేర్పేది మరొక తెలుగు. ఒక తరగతిలో ఒక చిన్నది అవ్వ దగ్గర నేర్చిన మాట పలికితే, అది తెలుగే కాదని పంతులుగారు కొట్టివేయడం నేను చూశాను. మరునాటి నుంచి ఆ పిల్ల నోరు విప్పలేదు. ఇంటికి వెళ్ళి అవ్వను కూడా దిద్దబోయింది. అవ్వ కూడా మాట్లాడడం తగ్గించింది. ఒక కొట్టివేతకు రెండు తరాల నోళ్ళు మూతపడ్డాయి.

దీని మీద మనలో రెండు పక్షాలు ఉన్నాయి. ఇంటి తెలుగే చాలు, పుస్తకపు తెలుగు మనకెందుకు అని కొందరు. వ్రాసే తెలుగు రాకపోతే ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలలోని మనవారికి, పుస్తకాలకు దూరమైపోతామని కొందరు. కార్యవర్గ సమావేశాలలో ఈ చర్చ వచ్చినప్పుడల్లా గొంతులు లేస్తాయి. గిడుగు వారి పేరు ఇరువురూ వాడుకుంటారు. ఆయన పాత కావ్యాలు పారవేయమని చెప్పలేదు. అవి శ్రద్ధగా చదవాలనే కోరారు. మాట్లాడే ప్రతి మాటనూ పుస్తకంలో పెట్టమని కూడా చెప్పలేదు. చదువుకున్నవారు వాడే శిష్ట వ్యవహారం వచనానికి చాలునన్నారు. కనుక ఆయన పూర్తిగా ఏ పక్షానికీ దొరకరు.

నా అభిప్రాయం ఇది. పిల్ల అన్న మాటను కొట్టివేయకుండా, అది ఏ జిల్లా నుంచి వచ్చిందో చెప్పి, దాని పక్కన వ్రాతలోని మాట వ్రాసి చూపించాలి. రెండూ నేర్పాలి. మొదటిదానిని గౌరవించకుండా రెండవదానిని నేర్పలేము. దీనితో ఏకీభవించనివారు ఉంటారని తెలుసు. వారి మాట వినడానికి నేను సిద్ధమే. ఎందుకంటే వారూ నేనూ కోరేది ఒక్కటే, ఈ గడ్డ మీద తెలుగు మాట మిగలడం. 1931 నుంచి ఆంధ్ర మహాసభ పెద్దలు ఈ ఆశతోనే పాటుపడ్డారు. 1996 నాటి మన దేశ రాజ్యాంగంలో తెలుగు పేరు కూడా ఉన్నది. అయితే రాజ్యాంగంలో పేరు ఉన్నంత మాత్రాన ఇంట్లో మాట నిలవదు.

ప్రియమైన యువతీ యువకులారా! మీరు ఎవరితోనైనా విభేదించినప్పుడు గిడుగు వారిని తలచుకోండి. ప్రశ్న ఎవరు అడిగారని గాక ఏమి అడిగారని చూడండి. ఎదుటివారి పుస్తకం వారికంటే బాగా చదవండి. వారి భయం ఏమిటో తెలుసుకోండి. ఓడిపోతే ఆగకండి. అవసరమైతే వీరేశలింగం గారిలా మారడానికి సిగ్గుపడకండి. ఈ పండుగ రాత్రి ఇంటికి వెళ్ళాక మీ అవ్వ పక్కన కూర్చుని ఆమెకు తెలిసిన పది మాటలు అడిగి వ్రాసుకోండి. ఒక్కటి కూడా దిద్దకండి.

శుభం భూయాత్.